ఏళ్ల తరబడి అటక మీద ఉన్న గ్యారార్డ్ టర్న్‌టేబుల్ తిరగడం లేదు: మోటారు కాలిపోయినట్టేనా?

ప్రశ్న: ఉప్పుటేరు (కాకినాడ)

నమస్కారం. మా నాన్నగారు ఇంగ్లండులో కొంతకాలం ఉద్యోగం చేసి, 1970ల మొదట్లో తిరిగివస్తూ తెచ్చుకున్న గ్యారార్డ్ ఎస్‌పీ25 మార్క్ 3 టర్న్‌టేబుల్ మా ఇంట్లో ఉంది. క్యాసెట్లు వచ్చాక దాని వాడకం తగ్గిపోయింది. 1990ల నుంచి దుప్పటి చుట్టి అటక మీదే ఉంచేశాము. ఇటీవల కిందికి దించి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి మీట జరిపితే రికార్డు పెట్టే పళ్ళెం కదలలేదు. లోపలి నుంచి సన్నగా గుయ్యిమనే శబ్దం మాత్రం వస్తున్నది. చేత్తో తోస్తే బరువుగా అర చుట్టు తిరిగి ఆగిపోతున్నది.

ఊళ్ళో మిక్సీలు, రేడియోలు బాగుచేసే ఒక షాపులో చూపిస్తే, మోటారు కాలిపోయిందనీ, దాన్ని పీకేసి చిన్న డీసీ మోటారు పెట్టి బెల్టుతో తిరిగేలా మార్చి ఇస్తామనీ చెప్పారు. విప్పకుండానే అలా తేల్చేయడం నాకు నచ్చలేదు. నా దగ్గర మల్టీమీటరు, మంచి స్క్రూడ్రైవర్లు ఉన్నాయి; మిషన్ పని కొంత అలవాటే. మోటారు నిజంగా కాలిపోయిందో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? లోపల నూనె వేయాల్సి వస్తే ఏ నూనె వేయాలి?

సమాధానం: పాతరేడియో (హైదరాబాద్)

ఉప్పుటేరు గారూ, ముందుగా ఒక మంచి మాట. గుయ్యిమంటున్నదంటే వైండింగులో (మోటారులోని తీగచుట్టలో) కరెంటు పారుతున్నదన్నమాట. వైండింగు తెగిన మోటారు చప్పుడే చేయదు. లోపల షార్టయి కాలినదైతే వాసన కొడుతుంది, నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మీరు చెప్పిన లక్షణాలు నూటికి తొంభై పాళ్ళు ఎండిపోయిన నూనెవి, గట్టిపడిన గ్రీజువి. ఇది కంపెనీ లోపం కాదు. ఆ కాలపు డెక్ (టర్న్‌టేబుల్) ఏదైనా ఇన్నేళ్లు కదలకుండా ఉంటే ఇదే స్థితికి వస్తుంది.

అయితే దయచేసి ఇంకోసారి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. తిరగకుండా బిగుసుకున్న మోటారులో కరెంటు పారుతూనే ఉంటే ఆ వేడికి తీగ మీది ఎనామిల్ పూత దెబ్బతిని, ఇప్పటిదాకా కాలని మోటారు అప్పుడు నిజంగానే కాలిపోవచ్చు. పాత వైరు పైతొడుగు పగిలి ఉంటే ముందు దాన్ని మార్చండి. ఆపైన మన ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డులో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టి, దాని ద్వారా డెక్‌కు కరెంటు ఇవ్వండి. బల్బు పూర్తి కాంతితో వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. వెలగకపోయినా, మినుకుమినుకుమన్నా భయపడనక్కరలేదు. ప్లగ్గు తీసేసి, మీట ‘ఆన్’లో ఉంచి, ప్లగ్గు రెండు పిన్నుల మధ్య మల్టీమీటరుతో కొలిస్తే కొన్ని వందల ఓములు చూపాలి. అసలేమీ చూపకపోతే మోటారును అనుమానించే ముందు స్విచ్చి కాంటాక్టులను చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అవి పచ్చగా చిలుం పడతాయి.

స్విచ్చికి అడ్డంగా ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది. ఆపేటప్పుడు స్పీకర్లలో ‘టప్’మనకుండా చేయడం దాని పని. యాభై ఏళ్ల నాటి కాగితపు కెపాసిటరును నమ్మలేము కనుక, అదే విలువ గల ఎక్స్2 తరగతి (నేరుగా మెయిన్స్ కరెంటుకు కలపదగిన రకం), 275 వోల్టుల ఏసీ కెపాసిటరు తెచ్చి మార్చేయండి. కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మీ ఊళ్ళోనూ దొరక్కపోదు.

సమాధానం: చక్రధారి

తుప్పు వదిలించే స్ప్రే డబ్బా ఒకటి కొని, స్పిండిల్ (పళ్ళెం మధ్య కడ్డీ) దగ్గరా, మోటారులోనూ బాగా కొట్టి ఒక రాత్రి అలా ఉంచండి. ఉదయానికి తిరుగుతుంది. ఇంత విప్పడం ఎందుకు?

సమాధానం: లేతుపని (విజయవాడ)

చక్రధారి గారి మాట ఒక విధంగా నిజమే: స్ప్రే కొడితే మర్నాడు తిరుగుతుంది. కానీ కొన్నాళ్లకే మళ్ళీ బిగుసుకుంటుంది. ఈ మోటార్ల బేరింగులు పొడిని ఒత్తి, కాల్చి తయారుచేసిన కంచు బేరింగులు. వాటి ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నూనె ఆ రంధ్రాల్లోనే నిలవ ఉంటుంది. స్ప్రే ఆ మిగిలిన నూనెను కూడా కడిగేసి, తాను ఆవిరై, వెనక జిగట పొర మాత్రం మిగులుస్తుంది. పైగా అది రబ్బరు చక్రం మీద పడిందంటే ఆ చక్రం జారుతూనే ఉంటుంది.

ఉప్పుటేరు గారూ, ఏ భాగం బిగుసుకున్నదో తేలకుండా దేనికీ నూనె వేయకండి. మీ డెక్‌లో తిరిగేవి మూడు: మోటారు కడ్డీ మీది మెట్ల పుల్లీ, దానికీ పళ్ళెం లోపలి అంచుకూ మధ్య ఒరుసుకుంటూ తిరిగే రబ్బరు చక్రం, పళ్ళెం. ఈ రబ్బరు చక్రాన్నే ఐడ్లర్ అంటారు. ప్లగ్గు తీసి, టోన్ ఆర్మ్‌ను (సూది ఉండే చేతిని) దాని స్టాండుకు కట్టేసి, పైనున్న మ్యాట్ తొలగించండి. స్పిండిల్ చుట్టూ చిన్న క్లిప్పు కనిపిస్తుంది. దాని మీద ఒక గుడ్డ కప్పి తీయండి, లేకపోతే ఎగిరి ఏ బీరువా కిందికో పోతుంది. తరవాత పళ్ళేన్ని రెండు చేతులతో నిటారుగా పైకి లేపండి. కింద బేరింగు గుండ్లు, వాషర్లు ఉంటే ఏది పైన, ఏది కింద ఉన్నదో ఫోనుతో ఫోటో తీసుకున్నాకే కదిలించండి.

ఇప్పుడు మూడింటినీ విడివిడిగా వేలితో తిప్పి చూడండి. పుల్లీని గోటితో మీటితే తనంతట తాను కొన్ని చుట్లు తిరగాలి. బంకలో తిరిగినట్టు తిరిగి వెంటనే ఆగితే దోషం మోటారు బేరింగులది. ఐడ్లర్ కూడా అలాగే. ఇక పళ్ళేన్ని తిరిగి స్పిండిల్ మీద పెట్టి, ఐడ్లర్ తగలని స్థితిలో తిప్పినప్పుడు, అది ఒకచోట అడ్డుపడి టోన్ ఆర్మ్ కదలబోతున్నట్టు అనిపిస్తే చిక్కు వేరే చోట ఉన్నట్టు. ఎస్‌పీ25 రికార్డు చివర ఆర్మ్‌ను తానే వెనక్కి తెచ్చి ఆపుతుంది. ఆ పని చేసే పెద్ద పళ్ళ చక్రం సగం చుట్టులో ఉండగా ఎవరైనా ప్లగ్గు పీకి అటకెక్కించి ఉంటే, ముప్పై ఏళ్ల గ్రీజు దాన్ని అక్కడే పట్టేసి ఉంటుంది. అలాంటప్పుడు పళ్ళేన్ని గడియారపు ముల్లు తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ ఆ చుట్టు పూర్తి చేయించాలి. బలవంతం చేయకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు.

ప్రశ్న కొనసాగింపు: ఉప్పుటేరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సీరీస్ బోర్డులో బల్బు వెలగలేదు. వైండింగు ఓములు చూపుతున్నది. పళ్ళెం విడిగా హాయిగా తిరుగుతున్నది, ఐడ్లర్ కొంచెం బద్ధకంగా. పుల్లీ మాత్రం గోటికి కదలడమే లేదు. రెండు వేళ్లతో గట్టిగా పట్టి తిప్పితే గాని రావడం లేదు. కాబట్టి మోటారే. దీన్ని విప్పే పద్ధతి, వేయాల్సిన నూనె చెప్పగలరా? ఇంట్లో పెద్దవాళ్లు కొబ్బరినూనె రెండు చుక్కలు వేయమంటున్నారు.

సమాధానం: లేతుపని

కొబ్బరినూనె వద్దే వద్దు. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, అంటే మార్గశిరంలో మీ మోటారు మళ్ళీ బిగుస్తుంది. వేడికాలంలో నిలవుండి జిగురుగా మారుతుంది. ఆముదం, వంటనూనెలు కూడా అంతే. స్వచ్ఛమైన కుట్టుమిషన్ నూనె చాలు. అది పలచని ఖనిజతైలం, గడ్డకట్టదు.

డెక్‌ను చెక్క పెట్టె నుంచి లేపి, రెండు పుస్తకాల దొంతరల మీద అంచులు ఆనేలా ఉంచి కింది నుంచి పని చేయండి. బోర్లిస్తే టోన్ ఆర్మ్ విరుగుతుంది. మోటారు రబ్బరు గుబ్బల మీదో స్ప్రింగుల మీదో వేలాడుతూ ఉంటుంది. వైర్లు తెంచకుండా దాన్ని విడదీయండి. విప్పే ముందు పై పలక, మధ్య ఇనుప దిమ్మ, కింది పలక మూడింటి మీదుగా మార్కరుతో ఒక నిలువు గీత గీయండి. మధ్య ఇనుప దిమ్మను తలకిందులుగా పెడితే మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక దాని పైభాగానికీ ఒక గుర్తు ఉండాలి.

విప్పాక రోటరు (లోపల తిరిగే భాగం) కడ్డీ మీద గోధుమరంగు వార్నిష్ లాంటి పొర కనిపిస్తుంది. ఒకప్పటి నూనె అదే. మొబైల్ రిపేరు వాళ్ల దగ్గర దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన గుడ్డతో, ఆ గుడ్డకు మరక అంటడం మానేదాకా తుడవండి. తుప్పు ఉంటే మెటల్ పాలిష్‌తో రుద్దండి, ఎమరీ కాగితం మాత్రం పెట్టకండి, కడ్డీ గీతలు పడితే బేరింగు అరుగుతుంది. బేరింగు రంధ్రంలోకి ఆల్కహాలులో తడిపిన అగ్గిపుల్ల, దూది పంపి శుభ్రం చేయండి. బేరింగు చుట్టూ ఫెల్టు ముక్క ఉంటే దాన్ని పారేయకండి, అది నూనె దాచుకునే చోటు.

ఆ తరవాత చాలామంది ఒక చుక్క నూనె వేసి మూసేస్తారు. అది చాలదు. ఎండిన కంచు రంధ్రాల్లో గాలి ఉంటుంది, అది బయటికి పోతే గాని నూనె లోపలికి దిగదు. కాయిళ్లు లేని ఆ రెండు పలకలనూ బేరింగులతో సహా గోరువెచ్చని నూనెలో ముంచి ఉంచండి. నూనెను స్టవ్ మీద నేరుగా కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి వేడిచేయాలి. బేరింగు నుంచి సన్నని బుడగలు పైకి వస్తూ ఉంటాయి. అవి ఆగి, నూనె చల్లారేదాకా అలాగే వదిలేయండి. చల్లారేటప్పుడే అది నూనెను లోపలికి పీల్చుకుంటుంది.

బిగించేటప్పుడు ఓపిక కావాలి. ఈ బేరింగులు తమ గూటిలో కాస్త అటూ ఇటూ ఒరిగే రకం. రెండూ ఒకే వరసలో లేకపోతే కొత్త నూనె వేసినా రోటరు తిరగదు. స్క్రూలను కొంచెం కొంచెంగా, ఎదురెదురు వరసలో బిగిస్తూ, ప్రతిసారీ పుల్లీని తిప్పి చూస్తూ, పట్టేసినప్పుడల్లా స్క్రూడ్రైవరు పిడితో మోటారు పక్కల మెల్లగా తట్టండి. ఒక తట్టుకు రోటరు ఒక్కసారిగా తేలికవుతుంది. ఆ క్షణం వేలికే తెలుస్తుంది.

ఐడ్లర్ ఇరుసుకు ఒకే ఒక్క చుక్క. రబ్బరుకూ, పుల్లీకీ, పళ్ళెం లోపలి అంచుకూ నూనె తగలకూడదు. ఆ మూడింటినీ ఆల్కహాలుతో తుడవండి. అలాగే ఆర్మ్‌ను వెనక్కి తెచ్చే యంత్రాంగంలో పళ్ళేన్ని అందుకునే చిన్న మీటను శుభ్రం చేసి పొడిగానే వదిలేయాలి. అక్కడ నూనె వేస్తే రికార్డు చివర ఆర్మ్ వెనక్కి రావడం మానేస్తుంది.

ప్రశ్న: సియాటిల్ నుంచి వచ్చాను

ఇదే సందర్భంలో ఒక అనుమానం. నేను అమెరికా నుంచి తెచ్చిన పాత ఐడ్లర్ డెక్‌ను 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడుపుతున్నాను. తిరుగుతున్నది గాని పాటలన్నీ నిద్రమత్తులో పాడినట్టున్నాయి. ఇది కూడా నూనె సమస్యేనా?

సమాధానం: పాతరేడియో

కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ మోటారు వేగం దాన్ని బట్టే నడుస్తుంది కనుక 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్ళెం దాదాపు 27.8 చుట్లే తిరుగుతున్నది. మీ మోడలుకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా తయారై ఉంటే అది సంపాదించడమే సరైన మార్గం. అడాప్టరుతో డీసీ మోటారు మీద నడిచే బెల్టు రకాలకు ఈ బెడద లేదు. వాటిలో చూడాల్సింది బెల్టునే. ఎన్నో ఏళ్లు ఉంచితే అది తారులా కరిగి పుల్లీకి అంటుకుంటుంది. గీకి, ఆల్కహాలుతో కడిగి కొత్త బెల్టు వేయాలి.

ప్రశ్న కొనసాగింపు: ఉప్పుటేరు

తిరిగింది! అడుగు బేరింగు పూర్తిగా పట్టేసి ఉంది. లేతుపని గారు చెప్పినట్టే తట్టగానే రోటరు తేలికైంది. ఇప్పుడు రెండు విషయాలు మిగిలాయి. మొదటి కొన్ని నిమిషాలు వేగం కాస్త తక్కువగా ఉండి తరవాత సర్దుకున్నట్టు అనిపిస్తున్నది, దాన్ని కొలిచేదెలా? రెండోది, రికార్డు పెట్టకుండా తిప్పినా ‘దబ్ దబ్’మని క్రమంగా ఒక చప్పుడు వస్తున్నది.

సమాధానం: పాతరేడియో

వేగానికి యాప్‌లు ఉన్నాయి గాని ఏ సాధనమూ అక్కరలేని పద్ధతి ఒకటి ఉంది. పళ్ళెం అంచుకు కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెట్టండి: 33⅓ వేగంలో మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు రావాలి. స్ట్రోబ్ చక్రం (వేగం సరిగ్గా ఉంటే నిలిచినట్టు కనిపించే గీతల చక్రం) ప్రింటు తీసుకునేటట్టయితే 50 హెర్ట్జ్ కరెంటుకు 180 గీతలున్నది తీసుకోండి. 216 గీతలది 60 హెర్ట్జ్ దేశాలకు. దాన్ని నియాన్ దీపం కింద చూడాలి. ఎల్ఈడీ బల్బులు చాలావరకు ఆ లయలో మిణకవు. మొదట్లో నెమ్మదిగా ఉండడం పళ్ళెం బేరింగులో పాత గ్రీజు మిగిలి ఉన్నందువల్ల కావచ్చు. దాన్నీ కడిగి కొత్తది కొద్దిగా పెట్టండి.

సమాధానం: లేతుపని

చప్పుడు ఎంతసేపటికి ఒకసారి వస్తున్నదో గమనించండి. 33⅓ వేగంలో పళ్ళెం ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. చప్పుడు ఆ వ్యవధిలోనే వస్తే దోషం పళ్ళేనిది. చుట్టుకు చాలాసార్లు వస్తే ఐడ్లర్‌ది. నా అంచనా ఐడ్లరే. మీట ‘ఆన్’లో ఉండగానే అటకెక్కించి ఉంటే, పుల్లీ నొక్కుకున్న చోట రబ్బరు లొత్తపడి ఉంటుంది. కొన్ని గంటలు ఊరికే తిప్పితే చిన్న లొత్తలు కొన్ని పూడుకుంటాయి. పూడుకోకపోతే, చక్రాన్ని తిప్పుతూ సన్నని ఇసుక కాగితంతో పైపొరను సమంగా తీసేయండి; గట్టిపడి మెరుస్తున్న పొర కూడా దానితో పోయి పట్టు పెరుగుతుంది. లొత్త మరీ లోతైతే రోలర్లకు రబ్బరు వేసేవారి చేత కొత్త రబ్బరు వేయించి, లేతు మీద పాత కొలతకే తిప్పించాలి. ఇక్కడి ఆటోనగర్‌లో అటువంటి పని చేసేవారున్నారు. కొలత మారితే పళ్ళేనికీ పుల్లీకీ మధ్య అది సరిగ్గా ఒరుసుకోదని మాత్రం ముందే చెప్పండి.

నాన్నగారి రికార్డులు పెట్టే ముందు సూదిని భూతద్దంతో చూడండి. దాన్ని పట్టి ఉంచే రబ్బరు ఇన్నేళ్లకు రాయిలా గట్టిపడి ఉంటే అది గాడిని కొరుకుతుంది, కొత్త సూది వేయాల్సిందే. వాటిలో 78 వేగపు లక్క రికార్డులుంటే వాటికి ఎల్పీ సూది వాడకూడదు. ఆ గాడి వెడల్పు వేరు, సూది విడిగా కొనాలి.

ఉప్పుటేరు

చప్పుడు చుట్టుకు చాలాసార్లే వస్తున్నది, అంటే ఐడ్లరే. ఈ రాత్రి ఊరికే తిప్పి చూసి, తగ్గకపోతే ఇసుక కాగితం పడతాను. ఎల్పీలూ 78లూ రెండూ ఉన్నాయి కనుక రెండు సూదులకూ వెతుకుతున్నాను. సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జి మీద పేరు చెరిగిపోయింది. రేపు పగటి వెలుతురులో దగ్గర నుంచి ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను, గుర్తుపట్టగలిగినవారు దయచేసి చెప్పండి.