308 తూటా కేసులకి నెక్ సైజింగా, ఫుల్ లెంగ్తా?

గాజువాక నుంచి కొత్తగా డాలస్ వచ్చినాయన:
అన్నలూ, 308 విన్‌చెస్టర్ తూటా వాడే బోల్ట్ రైఫిలుకి (చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేది) రీలోడింగ్, అంటే పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని (కేసు) మళ్లీ నింపి వాడటం, మొదలెడదామనుకుంటున్నా. నెక్ సైజింగ్ (కేసు మెడ ఒక్కటే నొక్కడం) చేస్తే కేసులు ఎక్కువకాలం వస్తాయని కొందరు, ఫుల్ లెంగ్తే (కేసు మొత్తం నొక్కడం) నికరమని కొందరు అంటున్నారు. ఏ డై (కేసుని నొక్కి సైజు చేసే అచ్చు) కొనమంటారు?

మధురవాడ అన్న:
తమ్ముడూ, ముందు వీసా చూసుకో. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటివైతే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అమెరికా ఫెడరల్ చట్టం తుపాకీనీ తూటానీ దగ్గర ఉంచుకోనివ్వదు. ఆ చట్టంలో ఖాళీ కేసు, ప్రైమరు (మందుని అంటించే చిన్న మూత), మందు, బుల్లెట్టు విడివిడిగా ఉన్నా తూటా కిందే లెక్క. గ్రీన్‌కార్డుంటే ఈ అడ్డు లేదు.

ఫుల్ లెంగ్త్ డై కొను. కానీ షెల్‌హోల్డరుకి (కేసు అడుగుని పట్టుకునే బిళ్ల) ఆనించి ఇంకాస్త బిగించెయ్యకు. భుజం (కేసు మెడ కింద ఏటవాలు భాగం) మరీ వెనక్కి పోతే, పేలిన ప్రతిసారీ కేసు సాగి, అడుక్కి కాస్త పైన గోడ పలచబడి, చివరికి అక్కడే తెగుతుంది. పేలిన కేసు కొలత కన్నా భుజం వెనక్కి పోవలసింది 0.001 నుంచి 0.002 అంగుళం, అంతే.

ఆ రైఫిల్లోనే రెండు మూడుసార్లు పేలిన కేసు తీసుకో. ప్రైమరు పైకి పొడుచుకొస్తే కొలత తప్పుతుంది, కాబట్టి తీసెయ్. కాలిపరుకి కంపారేటరు (భుజం మీద ఆనే కొలత బిళ్ల) తగిలించి అడుగు నుంచి భుజం దాకా కొలువు. డైని షెల్‌హోల్డరుకి ఎడంగా మొదలెట్టి కొంచెం కొంచెం దించు. దాని మర అంగుళానికి 14 చుట్లు, అంటే గడియారంలో నిమిషం ముల్లు ఒక్క గీత జరిగినంత తిప్పినా వెయ్యోవంతు దాటిపోతుంది. మొదట కొలత పెరుగుతుంది, కంగారుపడకు: ఒళ్లు నొక్కుకుని భుజం ముందుకొస్తుంది, ఇంకా దించితే వెనక్కెళ్తుంది. సగంలో ఆపితే మాత్రం సైజు చేశాక కూడా బోల్టు బిర్రుగానే పడుతుంది.

ఎంవీపీ కాలనీ అన్న:
నెక్ సైజింగ్ తప్పని కాదు. నాలుగైదుసార్లు పేలేసరికి బోల్టు బిగుసుకుంటుంది, అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ చెయ్యాల్సిందే. సెమీ ఆటోకైతే (తర్వాతి తూటా తనే ఎక్కించుకునే తుపాకీ) అసలొద్దు, దానికి భుజం 0.003 పైనే వెనక్కి ఉండాలి. వేరే తుపాకీలో పేలిన కేసులకీ ఫుల్ లెంగ్తే.

సైజు చేసే ముందు కేసుకి లూబ్ (జారుడు కోసం రాసే జిడ్డు) పలచగా రాయి. లేకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది, భుజం మీద ఎక్కువైతే సొట్టపడుతుంది. సైజు చేశాక పొడవు 2.015 అంగుళాలు దాటితే 2.005కి ట్రిమ్ చెయ్. పేపరు క్లిప్పు కొస వంచి లోపల గోడని తడిమి చూడు. అడుగు దగ్గర పల్లం తగిలితే ఆ కేసు పారెయ్యడమే.

ఇంకొకటి: విశాఖ వచ్చేటప్పుడు సామాన్లో ఒక్క ఖాళీ కేసు కూడా ఉండకూడదు. మన 1959 ఆయుధాల చట్టంలోనూ తూటా భాగాలు తూటా కిందకే వస్తాయి. రేంజికి వాడిన బ్యాగు ప్రయాణానికి వాడొద్దు.