రాగి పరిశోధనలో ఆహార కంపెనీల డబ్బును అంగీకరించవచ్చా?

వ్యవసాయ విద్యార్థి, తిరుపతి

పలమనేరు, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వర్షాధార రాగి సాగు నిలవాలంటే విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు సంఘాలు కలిసి పరిశోధన చేయాలన్న విషయంలో ఇక్కడ ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఆ భాగస్వామ్యంలోకి రాగిమాల్టు, బిస్కెట్లు తయారుచేసే కంపెనీలను రానివ్వాలా అన్నదే ప్రశ్న. రానివ్వాలనే నేనంటాను. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం వకుళ, తిరుమల వంటి రాగి రకాలను ఇచ్చింది గానీ, మంచి రకం వచ్చినంత మాత్రాన సాగు పెరగదు. పండిన గింజను గిట్టుబాటు ధరకు కొనేవారు కావాలి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్టణాలలో రాగికి వచ్చిన ఆదరణ మన పల్లెలకు చేరాలంటే, కొనుగోలుదారును మొదటి నుంచే కలుపుకోవాలి.

పాలరైతు, పలమనేరు

తమ్ముడూ, డబ్బు ఎవరిదన్న దానికంటే ముందు, పొలంలో ఏది కొలవాలో ఎవరు నిర్ణయిస్తారన్నది తేలాలి. మా ఇంట్లో రాగి అంటే సంగటి ఒక్కటే కాదు, పశువులకు గడ్డి కూడా. గింజ దిగుబడి ఎంత బాగున్నా, మొక్క పొట్టిగా ఉండి గడ్డి తగ్గితే, రెండు ఆవులున్న రైతు ఆ రకాన్ని మరుసటి ఏడాది వేయడు. మాల్టు కంపెనీకి మాత్రం గడ్డితో పనిలేదు; దానికి కావలసింది గింజ రంగు, సైజు, పిండి నాణ్యత. పరీక్షకు డబ్బు పెట్టినవారి అవసరాలే కొలతల పట్టికలోకి ఎక్కి, గడ్డి తూకం, అగ్గితెగులు తట్టుకునే శక్తి, వాన ఆలస్యమైనప్పుడు పైరు నిలబడే తీరు పక్కకు పోతాయన్నదే నా భయం. అగ్గితెగులు వెన్నుకు సోకితే పైకి పంట పండినట్టే కనిపిస్తుంది, నూర్పిడిలో తాలు గింజలు చేతికొస్తాయి. ఆ నష్టాన్ని చూడాలంటే కోతదాకా పొలంలోనే ఉండాలి.

విడుదలకు ముందు కొత్త రకాలను మినీకిట్ల (చిన్న విత్తన సంచుల) రూపంలో రైతుల పొలాలలో పరీక్షించే పద్ధతి ఇప్పటికే ఉంది. విత్తనం ఇచ్చి, చివరలో దిగుబడి రాసుకుని వెళ్లడంతో అది ముగిసిపోతే రైతును భాగస్వామి అనలేం.

విత్తనాభివృద్ధి ఉద్యోగి (విశ్రాంత), చిత్తూరు

ఒక విషయం గమనించాలి. రాగి ఆత్మపరాగ సంపర్కం జరుపుకునే పంట, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టే పంట కాబట్టి రైతు తన పంట నుంచే విత్తనం దాచుకోవచ్చు. ఏటా విత్తనం అమ్ముకునే అవకాశం లేనందున విత్తన కంపెనీలు ఈ పంటపై పెద్దగా పెట్టుబడి పెట్టవు. అందుకే దీనిపై పరిశోధన ప్రధానంగా ప్రభుత్వ సంస్థల మీదే ఆధారపడింది, నిధులు తగ్గితే మొదట దెబ్బతినేవీ ఇలాంటి పంటలే. 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రక్షిత వంగడం (ఆ చట్టం కింద నమోదైన రకం) విత్తనాన్ని సైతం రైతు దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. ఏ ఒప్పందం వచ్చినా ఈ హక్కును తాకకూడదు.

పాలరైతు, పలమనేరు

అయ్యా, మీరు చెప్పిన హక్కును ఒప్పందంలోనే తెలుగులో రాయాలి. కంపెనీ డబ్బు నేరుగా పరిశోధకుడికి కాక విశ్వవిద్యాలయ ఖాతాకు రావాలి. ఏం కొలవాలో నిర్ణయించే సమావేశంలో రైతు సంఘానికి మాట ఉండాలి, గడ్డి తూకం తప్పనిసరి కావాలి. పరీక్ష మడిలో పైరు పోతే ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో విత్తే ముందే తేలాలి. ఈ షరతులకు సరేనంటే కంపెనీ వచ్చినా నాకు అభ్యంతరం లేదు, నా పొలంలో మడి ఇస్తాను. కాదంటే ప్రభుత్వ నిధుల కోసం కొట్లాడడమే మేలు.

వ్యవసాయ విద్యార్థి, తిరుపతి

అన్నా, గడ్డి తూకం, నష్టపరిహారం, విత్తన హక్కు మూడింటినీ ఒప్పుకుంటున్నాను. గడ్డి సంగతి నేను ముందే ఆలోచించాల్సింది. కానీ ఫలితాల విషయంలో ఇంకో షరతు చేర్చాలి. కంపెనీకి నచ్చని ఫలితం వచ్చినా దాన్ని ఆపకుండా, కోతలయ్యాక రైతులకు, పరిశోధన స్థానానికి ఒకేసారి అందించాలి. దీనికి ఒప్పుకోని కంపెనీని వదులుకోవడానికి నేనూ సిద్ధమే. అయితే కొనుగోలు ధరను కూడా అదే ఒప్పందంలో పెట్టాలా, విడిగా రైతు సంఘంతో కుదుర్చుకోవాలా అన్నదానిపై చిత్తూరు అయ్యగారి అభిప్రాయం కోరుతున్నాను.