తుఫాను షెల్టర్‌లో ఆడవాళ్ల కోసం ముందే ఏం అడగాలి?

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వీధంతా బడిలో తలదాచుకున్నాం. ఆడవాళ్ల మరుగుదొడ్డికి లోపల గడియ లేదు, దారిలో దీపం లేదు. మా పిన్ని సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్లు ముట్టేది కాదు. గ్లాసు చేతికిస్తే చీర కొంగుతో మూతి తుడుచుకుని, తాగినట్టే పక్కన పెట్టేసేది. రాత్రి లేవాల్సి వస్తుందని భయం.

ఇంకోటి. టార్పాలిన్లు పంచే ఒకతను మా పక్కింటి ఒంటరి ఆవిడతో "చీకటి పడ్డాక రా, రెండిస్తాను" అన్నాడట. ఆవిడ వెళ్లలేదు. టార్పాలినూ రాలేదు. వానంతా ఇంట్లోనే కురిసింది. ఎవరికి చెప్పాలో మాకు తెలీలేదు.

ఈసారి మా మహిళా సంఘాన్ని షెల్టర్ పనికి రమ్మన్నారు. ముందే ఏం అడగాలి?

బరంపురం నుంచి జవాబు:
చెల్లీ, 2013 ఫైలిన్ తుఫాను నుంచి నేనీ పనిలో ఉన్నాను. స్ఫియర్ ప్రమాణాల్లో, అంటే విపత్తు సాయానికి ప్రపంచమంతా వాడే కొలతల్లో, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి, మగవాళ్లకి ఒకటైతే ఆడవాళ్లకి మూడు. మీ బడిలో అన్ని కట్టించలేరు, కానీ గడియ, సోలార్ లాంతరు ఒక్కరోజు పని. గడియ చిన్నపిల్ల చేతికి అందేలా బిగించండి. మా దగ్గర పైన బిగించేశారు, పిల్లలు తలుపు తీసిపెట్టుకునే కూర్చునేవాళ్లు.

సిరొంచ నుంచి జవాబు:
అక్కా, ఆ మనిషి చేసింది చిన్న తప్పు కాదు. సాయానికి బదులు అలాంటిది అడగడం సహాయ సంస్థల నియమాల్లో ఉద్యోగం పోయేంత నేరం. 2002 నుంచే రాసి ఉంది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మేం పట్టుబట్టి పట్టపగలే, అందరి ముందూ పేర్లు చదివి సామాన్లు ఇప్పించాం. బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లను కూర్చోబెట్టాం. ఫిర్యాదు తీసుకునే మనిషి మాత్రం సామాను పంచేవాళ్లలో ఉండకూడదు, పంచేవాడి మీద వాడికే ఎవరు చెప్తారు?

సామాన్లు ఇచ్చే జాబితా కూడా చూడండి. ఇంటి పెద్ద పేరుతో రాస్తే ఒంటరి ఆడవాళ్లు జారిపోతారు.

ఎవరైనా వచ్చి చెప్పుకుంటే గుచ్చిగుచ్చి అడగొద్దు, వీధిలో చెప్పొద్దు. తనకేం కావాలో అడగండి. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తానంటే పక్కన కూర్చోండి. పిల్లలైతే వాళ్ల హెల్ప్‌లైన్ 1098.

పర్లాకిమిడి నుంచి:
ఇవాళే జాబితా చూశాను. పక్కింటావిడ పేరు లేదు. రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తున్నాం, ఆవిడా వస్తానంది. గడియలు నాలుగు కొన్నాను.