బత్తాయి రసం తాగాక షుగర్ చూస్తే సరిపోతుందా? ల్యాబ్ పరీక్షలూ కావాలా?

షుగర్ జబ్బు లేని పెద్దవాళ్లలో బత్తాయి రసం ప్రభావం చూడాలి. పరగడుపున 250 మి.లీ., చక్కెర కలపకుండా. సహజ చక్కెరలే 20-25 గ్రాముల దాకా ఉంటాయి. గ్లూకోమీటర్ కొలతలు తాగకముందు, తర్వాత 30, 60, 90, 120 నిమిషాలకు. మరో రోజు రసం బదులు తొనలు నమిలి ఇలాగే. పండు ఒలిచిన చేతిని కడుక్కోకుండా గుచ్చితే వేలికంటిన రసమే రీడింగు పెంచేస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే.

సందేహమల్లా ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే ఒక రకం చక్కెర) గురించి. అది ఎక్కువగా కాలేయానికే పోతుంది, మీటరుకు చిక్కదు. మరి 120 నిమిషాల రీడింగు మామూలుగా ఉందని ఊరుకోవచ్చా? నాలుగు వారాలు రోజూ తాగితే, మొదట్లో, చివర్లో 12 గంటలు ఏమీ తినకుండా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) చూస్తే చాలా, ఇన్సులిన్ కూడా చేయించాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.