తుఫాను దెబ్బతిన్న సెయిల్‌బోటు బాగుచేసి, నలుగుర్ని ఎక్కించుకుని దీవులు తిరగొచ్చా?

చుక్కలదారి
అందరికీ నమస్కారం. ఫ్లోరిడాలో ఉంటాను, వారాంతాల్లో సెయిలింగ్ అలవాటు. 2024 జులై 1న బెరిల్ తుఫాను కరీబియన్ సముద్రంలో గ్రెనడా దేశంలోని కారియకూ దీవి మీద పడినప్పుడు, మడ అడవుల్లో దాచిన బోట్లు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. అలాంటి నలభై అడుగుల ఫైబర్ బోటు ఒకటి ఇప్పుడు అక్కడి యార్డులో స్టాండ్ల మీద అమ్మకానికి ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అని రాసేశారు. కుడివైపు నీటిమట్టం దగ్గర పెద్ద చిల్లు, తెరచాప నిలిపే మాస్ట్ విరిగింది, చుక్కాని వంగింది. ఇంజిన్ మాత్రం మునగలేదంటున్నారు. బాగున్న బోటు ధరలో ఐదో వంతు అడుగుతున్నారు.

నా ఆలోచన ఇది. నలుగురు ఫ్రెండ్స్ తలా కొంత వేసుకుంటారు, సెలవులు పెట్టుకుని వచ్చి పనిలో చెయ్యి కూడా వేస్తారు. తయారయ్యాక అందరం కలిసి గ్రెనడా నుంచి కారియకూ, టొబాగో కేస్, బెక్వియా మీదుగా మార్టినిక్ దాకా. మా ఆవిడ ఒకటే మాట అంది: "మీరు వెళ్లండి, వాళ్లని ఎందుకు లాగుతున్నారు?" మీరేమంటారు?

లెక్కలమాస్టారు
కొనొద్దు. ఐదో వంతు ధర మీరు రాసే మొదటి చెక్కు మాత్రమే. మాస్ట్, దాన్ని పట్టి ఉంచే తీగలు (రిగ్గింగ్), తెరచాపలు, చుక్కాని, వైరింగ్ అన్నీ దీవికి దిగుమతి కావాలి, యార్డు వాడు బోటు పొడవు లెక్కగట్టి ప్రతి నెలా అద్దె తీసుకుంటాడు. టోటల్ లాస్ అయిన బోటుకి పూర్తి ఇన్సూరెన్స్ దొరకడం కష్టం, థర్డ్ పార్టీ ఒక్కటైనా లేకపోతే బోట్లు కట్టేసుకునే మరీనాలు చాలావరకు లోపలికే రానివ్వవు. అన్నీ కలిపితే బాగున్న పాత బోటు వచ్చేస్తుంది. ఇంకోటి, గ్రెనడా తుఫాన్ల దారికి దక్షిణాన ఉంది, సేఫ్ అని బోటు వాళ్లు తెగ చెప్పుకుంటారు. 2004లో ఐవాన్, 2024లో బెరిల్ ఆ మాట వినలేదు.

ఉప్పాడ_కుర్రోడు
మాస్టారూ, మీరు బోటుని కారులా చూస్తున్నారు. మా వైపు వేటకెళ్లే ఫైబర్ బోట్లు ఒడ్డున రాళ్లకి తగిలి చిల్లు పడుతూనే ఉంటాయి. పగిలిన చోట గీకి, గ్లాసు పోగుల మ్యాట్ పరిచి, రెజిన్ పూసి, ఆరాక మళ్లీ అల మీదికి తోస్తారు. అదే బోటు మీద ఇల్లు గడుస్తుంది. ఫైబర్‌కి చావు లేదు. అన్నా, నువ్వు కొను.

డ్రైడాక్
ఓడల మరమ్మతే నా ఉద్యోగం, చిన్న బోట్ల సర్వేలూ (కొనేముందు చేసే తనిఖీలు) చేస్తుంటాను. ఉప్పాడ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. చిల్లు చూసి భయపడక్కర్లేదు, అది కళ్లకి కనిపించే దెబ్బ. పాడైన ఫైబర్ అంతా కోసేసి, అంచుని ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. హల్ (బోటు ఒళ్లు) మందం ఒక సెంటీమీటరైతే చిల్లు చుట్టూ పన్నెండు సెంటీమీటర్ల ఏటవాలు రావాలి, అంటే ఒకటికి పన్నెండు. ఎండిన పాత ఫైబర్‌ని పాలిస్టర్ రెజిన్ కన్నా ఎపాక్సీ రెజిన్ గట్టిగా పట్టుకుంటుంది. కానీ మన ఒడ్డున వాడే మామూలు మ్యాట్ ఎపాక్సీతో సరిగ్గా తడవదు. ఆ పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కి కరిగే రకం. అందుకే అక్కడ కుట్టిన గ్లాసు గుడ్డ వాడాలి. ఈ తేడా తెలియని మేస్త్రీ చేసిన అతుకు పైకి నున్నగానే ఉంటుంది.

డెక్ సంగతి వేరు. చాలా బోట్లలో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పొండి. బాగున్న చోట "టక్" మని పలుకుతుంది, నీళ్లు దిగి చెక్క కుళ్లిన చోట చప్పుడు మొద్దుబారిపోతుంది. వైర్లయితే ఒక కొస ఒలిచి చూడండి, రాగి నల్లబడి ఉంటే ఉప్పు లోపలికి పాకినట్టే.

ఇక నా అసలు భయం కీల్ గురించి, అంటే సెయిల్‌బోటు అడుగున బిగించే బరువైన రెక్క. వేటబోటుకి అడుగున టన్నుల బరువు వేలాడదు. సెయిల్‌బోటుకి వేలాడుతుంది, అది ఉంది కాబట్టే బోటు ఒరిగినా మళ్లీ లేస్తుంది. చాలా కంపెనీ బోట్లలో హల్ లోపల ఫైబర్ గ్రిడ్ ఒకటి అతికించి ఉంటుంది, కీల్ బోల్టుల బరువుని హల్ అంతటికీ పంచేది అదే. కీల్ నేలకి గట్టిగా తగిలితే దాని వెనక అంచు హల్‌ని పైకి పొడుస్తుంది, ఆ గ్రిడ్ జిగురు ఊడుతుంది. బయటినుంచి ఏమీ తెలియదు. అదీగాక ఒక పూత పుట్టీ, ఒక పూత రంగు పడితే ఎవడికీ తెలియదు.

2014 మేలో చీకీ రఫీకీ అనే నలభై అడుగుల బోటు యాంటిగ్వా నుంచి ఇంగ్లండ్‌కి తిరిగి వెళ్తుండగా అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయింది. బోల్తాపడ్డ హల్ దొరికింది, ప్రాణాలు కాపాడే గాలి తెప్ప (లైఫ్‌రాఫ్ట్) పెట్టిన చోటే ఉంది. అందులో ఉన్న నలుగురూ దొరకలేదు. ఆ బోటు అంతకుముందు నేలకి తగలడం, రిపేర్లు జరగడం వల్ల కీల్ దగ్గరి కట్టడం బలహీనపడి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఎంఏఐబీ రిపోర్టులో రాసింది. కాబట్టి నా షరతు ఒక్కటే. కీల్ దించి చూడకుండా ఎవర్నీ ఎక్కించకండి.

సాగరకన్య_వైజాగ్
డ్రైడాక్ గారూ, ప్రతి బోల్టూ తన చేత్తో విప్పి బిగించుకున్నవాడికి బోటు గురించి తెలిసినంత, షోరూం బోటు కొన్నవాడికి తెలియదు. దూరాలు పోతే కొత్త బోటైనా ఏదో ఒకటి విరుగుతుంది. 2017-18లో ఆరుగురు నేవీ ఆఫీసర్లు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టొచ్చారు, అందులో మా వైజాగ్ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. కొత్త బోటు, అయినా చివరికొచ్చేసరికి స్టీరింగ్ చెడిపోయి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. బాగు చేసుకుని గోవా చేరారు. రిపేరు తెలిసిన క్రూయే అసలు ఇన్సూరెన్స్. నలుగురూ పనిలో చెయ్యి వేస్తామంటున్నారు కదా, అంతకన్నా ఏం కావాలి?

లెక్కలమాస్టారు
వాళ్లు ఏళ్ల తరబడి ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు, వెనకాల నేవీ ఉంది. ఇక్కడ నలుగురూ సెలవు పెట్టుకొచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లు. పోలిక కుదరదు.

హెచ్1_ప్రవాసి
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మార్టినిక్ ఫ్రాన్స్‌దే అయినా షెంగెన్‌లో, అంటే యూరప్ ఉమ్మడి వీసా ప్రాంతంలో లేదు. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లు మామూలు షెంగెన్ టూరిస్టు వీసా చూపించి దిగుదామంటే కుదరదు, వీసాలో ఆ దీవికి చెల్లుతుందని ఉండాలి. డబ్బు సంగతి కూడా చూసుకోండి. ఆయిలు, తిండి లాంటి ప్రయాణం ఖర్చుల్ని ఇష్టపూర్వకంగా పంచుకుంటే అమెరికా చట్టం దాన్ని కిరాయి అనదు. మీరు తీసుకుంటున్నది బోటు రిపేరుకి వాటా. అది ప్రయాణం ఖర్చు ఎలా అవుతుంది? పైగా మీరు తిరిగేది ఒక్కో దేశం నీళ్లలో, ఎవరి రూల్స్ వాళ్లవి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది ఇదే.

గుంటూరు_గోంగూర
ఒకసారి అలాంటి బోటులో క్రూగా వెళ్లాను, ఓనర్ పేరు వద్దులెండి. మేమూ డబ్బులు వేశాం. బయల్దేరే రోజు బిల్జ్‌లో, అంటే బోటు లోపలి అట్టడుగున, నీళ్లు కనిపించాయి. తుడిస్తే గంటలో మళ్లీ చేరాయి. నాలుక మీద పెట్టి చూశాం, ఉప్పగానే ఉంది. ఎవరూ "ఆగుదాం" అనలేదు. డబ్బు పెట్టాం, సెలవు పెట్టాం, ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాం. అదృష్టం కొద్దీ పైపు బిగించే క్లిప్పు వదులైందని తేలింది. అన్నా, రిపేరుకి వాటా తీసుకున్నావంటే వాళ్లకి "నేను ఎక్కను" అనే దారి మూసేసినట్టే.

సాగరకన్య_వైజాగ్
ఈ పాయింటు ఒప్పుకుంటాను. కానీ దీనికి విరుగుడు డబ్బు తీసుకోకపోవడమే, బోటు కొనకపోవడం కాదు.

చుక్కలదారి
అందరికీ థాంక్స్. యార్డు ఏజెంటుతో మాట్లాడాను. కీల్ దించుకోవచ్చట, ఖర్చు నాదే. కాకపోతే అడ్వాన్స్ కట్టాకే ముట్టుకోనిస్తాడట. ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, తర్వాత మాటల్లేవు అంటున్నాడు.

డ్రైడాక్
సర్వేలో తేడా వస్తే అడ్వాన్స్ వాపసు అని రాసి సంతకం పెట్టమనండి. పెడితే కట్టండి. పెట్టకపోతే ఆ కీల్ సంగతి అతనికి ముందే తెలుసేమో అనుకోవాలి.

ఉప్పాడ_కుర్రోడు
అంత చెడ్డగా చూడకండి సార్. ఆ దీవిలో ఇళ్ల పైకప్పులే లేచిపోయాయి, యార్డు వాళ్లకీ జాగా ఖాళీ అవ్వాలి, రోజూ బేరాలు వస్తుంటాయి. కారియకూలో విండ్‌వర్డ్ అనే ఊళ్లో తరతరాలుగా చెక్క పడవలు కట్టే కుటుంబాలు ఉన్నాయట. బయటినుంచి సర్వేయర్‌ని దించే బదులు వాళ్లలో ఒకర్ని తీసుకెళ్లి చూపించు అన్నా.

డ్రైడాక్
తీసుకెళ్లండి, మంచిదే. చుక్కానికీ మాస్ట్‌కీ వాళ్ల చెయ్యి వంద రెట్లు మేలు. కానీ జిగురు ఊడిన ఫైబర్ గ్రిడ్ చెక్క పడవలో ఉండే జబ్బు కాదు. సర్వేయర్ కావాల్సిందే.

చుక్కలదారి
వాపసు షరతు రాసి ఏజెంటుకి మెయిల్ పెట్టాను. ఫ్రెండ్స్ గ్రూపులో రిపేరు వాటాలు రద్దని చెప్పేశాను. ఇద్దరు హమ్మయ్య అన్నారు, ఒకడు అలిగాడు, నాలుగోవాడు ఇంకా చూడలేదు. డ్రైడాక్ గారూ, కీల్ దించినప్పుడు నేను ఫొటోల్లో ఏయే చోట్లు దగ్గరగా తీయాలి?

డ్రైడాక్
ముందు బిల్జ్‌లో కీల్ వెనక చివర, గ్రిడ్ హల్‌కి అతుక్కునే అంచు పొడవునా, టార్చి పక్కనుంచి పడేలా. తర్వాత ఒక్కో బోల్టు మెడ దగ్గర, తుప్పు గీత వచ్చేచోట. రంగు గీకకుండా తీసిన ఫొటో నాకు పంపొద్దు.