పాత ఫైబర్ బోటు కొని బాగుచేయించుకోవాలా, అప్పు చేసి కొత్తది దించాలా?

పూడిమడక తీరం:
మా ఊరి పెద్దాయన ఒకరు వేట మానేసి బోటు అమ్మేస్తున్నారు. 28 అడుగుల ఫైబర్ బోటు, నీళ్లలో దిగి పదేళ్లు కావస్తోంది. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజన్‌తో కలిపి లక్షా డెబ్బై వేలు చెబుతున్నారు. కొత్తదైతే ఇంజన్, వలలు అన్నీ కలిపి అయిదు లక్షలు దాటుతోంది. ఆ డబ్బు సర్దుతానని మా సావుకారు అంటున్నాడు, నాన్న కూడా కొత్తదే దించమంటున్నారు. నాకేమో పాతది కొని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో రిపేరు చేయించుకుంటే అప్పు లేకుండా బయటపడతామనిపిస్తోంది. ఈ పని చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

భీమిలి ఫైబర్ పని:
పాతదే కొను తమ్ముడూ. కానీ రంగు చూసి కాదు, తట్టి చూసి కొను. నేను ఈ పనిలోనే ఉన్నాను. అమ్మకానికి పెట్టిన బోటుకు ముందు రంగు వేస్తారు, కాబట్టి పైమెరుపును నమ్మొద్దు.

ఇంజన్ బిగించే వెనక పలక దగ్గర మొదలుపెట్టు. బయటికి కనిపించేది ఫైబర్ పొర, లోపల ఉండేది ప్లైవుడ్. బోల్టు కన్నాల్లో సీలెంట్ సరిగా పెట్టకపోతే ఉప్పునీరు అక్కడి నుంచే దిగి చెక్కను ఏళ్ల తరబడి నానబెడుతుంది. పైకి ఏమీ తెలియదు. సుత్తి తిరగేసి, పిడితో పలకంతా వరసగా తట్టుకుంటూ వెళ్లు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది. కుళ్లినచోట శబ్దం మొద్దుబారి, డొల్లగా వినిపిస్తుంది. అనుమానం వస్తే యజమానిని అడిగి కింది బోల్టు ఒకటి విప్పించు, ఆ కన్నంలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి గీకు. పొడి చెక్కపొట్టు వస్తే సరే. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే లోపల చెక్క పోయింది. అంతమాత్రాన బోటు పోయినట్టు కాదు. లోపలి పొర కోసి, పాత చెక్క తీసేసి, కొత్త మెరైన్ ప్లైవుడ్ పెట్టి మళ్లీ పొరలు కప్పొచ్చు. ఆ ఖర్చు మాత్రం ధరలో తగ్గాలి.

తర్వాత పగుళ్లు చూడు. నక్షత్రంలా చీలిన సన్న గీతలు చాలావరకు పైపూత వరకే. ఇంజన్ దిమ్మ చుట్టూ, బోటు అడుగున నిలువునా ఉండే పట్టె వెంట పొడుగ్గా పాకిన పగులు వేరు, అది పొరల లోపలికి వెళ్లి ఉంటుంది. దాని మీద పుట్టీ రాసి రంగు వేస్తానన్నవాడిని బోటు దగ్గరికి రానివ్వకు. పగులుకు రెండు పక్కలా మందానికి పన్నెండు రెట్ల దూరం ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. అంటే 5 మిల్లీమీటర్ల మందం ఉంటే అటు 6, ఇటు 6 సెంటీమీటర్లు. అప్పుడే కొత్త మ్యాట్, అంటే రెసిన్‌లో తడిపి వేసే గాజునార గుడ్డ, పాత ఫైబర్‌ను పట్టుకుంటుంది. గ్రైండ్ చేశాక దుమ్ము దులిపి, ఎసిటోన్‌తో తుడిచి, ఒక్కో పొరకూ రోలర్ తిప్పి గాలి బుడగలు తీసేయాలి.

మే ఎండల్లో పని కాబట్టి ఇంకో మాట. ఫైబర్‌ను అతికించే జిగురు ద్రవం రెసిన్, దాన్ని గట్టిపరిచే మందు హార్డెనర్. హార్డెనర్ మామూలు కొలతలో పోస్తే రెసిన్ డబ్బాలోనే గడ్డకట్టేస్తుంది. తగ్గించి పోయాలి, అదీ కంపెనీ చెప్పిన హద్దులోపే. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, నీడలో చేయాలి. హార్డెనర్‌నూ, రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్టునూ నేరుగా ఎప్పుడూ కలపొద్దు, పేలిపోతుంది. కోబాల్టు ముందు రెసిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ పోయాలి.

ఉప్పాడ బోటు:
అన్నా, మీరు చెప్పిన పలక సంగతి ఒప్పుకుంటాను. కానీ పదేళ్ల బోటులో అసలు జబ్బు బరువు. తేలడానికని డెక్కు కింద నింపిన ఫోమ్‌లోకి ఏళ్ల తరబడి నీళ్లు చేరతాయి, ఆ నీళ్లు ఎండబెడితే పోవు. బోటు కట్టుకునే జట్టీ ఉన్న ఊళ్లో అది పెద్దగా తెలియకపోవచ్చు. మాలాగా కెరటం దాటి ఇసుక మీదికి ఎక్కించే చోట రోజూ భుజాలకు తెలుస్తుంది. బరువెక్కిన బోటు కెరటానికి సమయానికి లేవదు, ముక్కు గుచ్చుకుంటుంది. డీజిలూ ఎక్కువ తాగుతుంది. లక్షా డెబ్బై పెట్టి కొని, ఇంకో లక్ష పోసి, చివరికి బరువు బోటే మిగిలితే ఎవరికి లాభం?

పైగా కొత్తదానికి దారి సావుకారు ఒక్కడే కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాత బోటు స్థానంలో కొత్త బోటు, వలలకు సాయం ఉంది. జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. తమ్ముడు ముందు మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి అడగాలి.

భీమిలి ఫైబర్ పని:
బరువు మాట నిజం, కాదనను. కానీ అది కొనకముందే తెలిసే విషయం. బోటు ఖాళీగా నీళ్లలో ఉన్నప్పుడు పక్కన అదే సైజు కొత్త బోటు ఎంత మునిగిందో పోల్చి చూడాలి. డెక్కుకు చిన్న కన్నం వేసి ఫోమ్ ముక్క బయటికి లాగి పిండితే నీళ్లు కారతాయో లేదో తెలుస్తుంది. కారితే ఆ గది వరకు డెక్కు కోసి ఫోమ్ మార్చాలి. కొందరు చవకని థర్మోకోల్ ముక్కలు కూరి పైన రెసిన్ పోస్తారు. పాలియెస్టర్ రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది, కింద ఖాళీ మిగులుతుంది. అలా చేసిన బోటు కనిపిస్తే మాత్రం వదిలెయ్, ఈ విషయంలో ఉప్పాడ అన్నతోనే ఉంటాను.

సబ్సిడీ వస్తే మంచిదే. మంజూరయ్యేదాకా ఆగగలిగితే ఆగొచ్చు. నేను వద్దనేది సావుకారు డబ్బు. ఆయన దగ్గర తీసుకుంటే వడ్డీతో ఆగదు. పట్టిన చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలి. కోనెం (వంజరం) లాంటి ఖరీదైన చేప దొరికిన రోజున కూడా వేలంపాటకు పెట్టలేని బోటు కొత్తదైతే మాత్రం ఏం సుఖం?

కాకినాడ ఇంజన్లు:
బోటు సంగతి మీరిద్దరూ చూసుకోండి, ఆ పాత డీజిల్ ఇంజన్ మాత్రం కొనొద్దు. ఆ ఇంజన్ అదురుకే దిమ్మ చుట్టూ పగుళ్లు వస్తాయి. పెట్రోలు అవుట్‌బోర్డు, అంటే బోటు వెనక బయటికి తగిలించే ఇంజన్, 9.9 హార్స్‌పవర్‌ది పెట్టుకుంటే ఇద్దరు ఎత్తి ఇంటికి తీసుకెళ్లొచ్చు. వేగం ఉంటుంది, చేప తాజాగా ఒడ్డుకు వస్తుంది. ఇసుక నీళ్లలో నడిపితే నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్) అరుగుతుంది, అది మార్చుకుంటూ, వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగితే చాలు.

ఉప్పాడ బోటు:
పెట్రోలు బిల్లు ఎవరు కడతారు? డీజిల్‌కు ప్రభుత్వం లీటరుకు 9 రూపాయలు తగ్గిస్తోంది, ఇంజన్ బిగించిన చిన్న బోట్లకు నెలకు 300 లీటర్ల దాకా. ఒడ్డుకు దగ్గరలో కవ్వళ్లు, కానాగంతల్లాంటి చిన్న చేపల కోసం తిరిగేవాడికి వేగంతో పనేముంది? దూరం వెళ్లి గాలాలతో తూర (ట్యూనా) చేప పట్టేవాడికైతే అవుట్‌బోర్డు సరే. తమ్ముడు ఏ వేటకు వెళ్తాడో చెప్పకుండా ఇంజన్ ఎంచలేం.

ఇంకొకటి, అందరూ మరిచిపోయారు. కాగితాలు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో, ఆ నంబరూ బోటు మీద రాసిన నంబరూ ఒకటో కాదో చూడాలి. పేరు మారకపోతే ఈ డీజిల్ సబ్సిడీ రాదు, నిషేధ కాలంలో ఇచ్చే సాయం కూడా ఇబ్బందే. 2025లో ఆ సాయం 20 వేలకు పెరిగింది, చిన్న మొత్తం కాదు.

జాలరిపేట చేపలు:
నేను చేపలు అమ్ముతాను, మా ఆయన వేటకు వెళ్తారు. ఇంజన్ గురించి ఇంత రాశారు, ఐస్ పెట్టె గురించి ఒక్కరూ రాయలేదు. ఒకే రోజు, ఒకే నీళ్లలో పట్టిన చేపను రెండు బోట్ల నుంచి దించితే నాకు చేతికి తెలుస్తుంది. ఐసు లేకుండా గోనె కింద పడేసిన చేప పొట్ట మెత్తబడి, మొప్పలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. ఐసులో వచ్చిన చేప మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా ఉంటుంది. వేలంపాటలో రేటు తేడా అక్కడే పడుతుంది. చేప ఎంత బరువో ఐసు ఇంచుమించు అంత ఉండాలి. రెండు వరసల ఫైబర్ మధ్య ఫోమ్ పెట్టి, అడుగున నీళ్లు పోయే కన్నంతో పెట్టె చేయించుకోండి బాబూ. డెక్కు ఎలాగూ కోస్తున్నారు కదా.

లైఫ్ జాకెట్ల మాట ఎప్పుడూ చివరికి వస్తుంది, అప్పటికి డబ్బు అయిపోతుంది. ఎంతమంది కలాసీలు ఎక్కుతారో అన్ని జాకెట్లు మొదటి ఖర్చులోనే రాయండి. ప్రభుత్వం బోట్లకు ట్రాన్స్‌పాండర్లు, అంటే బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే పరికరాలు, ఉచితంగా బిగిస్తోంది, రిజిస్ట్రేషన్ ఉంటే మీ బోటుకు వస్తుందేమో అడగండి. ఒడ్డున ఇంట్లోవాళ్లకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554 తెలిసి ఉండాలి. రాత్రి బోటు రాకపోతే ఎదురుచూసేది మేమే.

పూడిమడక తీరం:
అక్కా, పెట్టె, జాకెట్ల లెక్క ఈ రాత్రే రాస్తాను. నిన్న వెళ్లి తట్టి చూశాను. పలక కుడి కింది మూలలో జానెడు మేర డొల్లగా వినిపించింది, మిగతాదంతా గట్టిగానే ఉంది. బోల్టు విప్పనిచ్చారు, ఆ కన్నంలో తడిపొట్టు వచ్చింది. ఫోమ్ ముక్క పిండితే మాత్రం నీళ్లు రాలేదు. రిజిస్ట్రేషన్ ఆయన పేరునే ఉంది, నంబరూ సరిపోయింది. మేం వెళ్లేది దగ్గర వేటకే.

భీమిలి ఫైబర్ పని:
అయితే మూల ఒక్కటే కాదు, పలక మొత్తం మార్చడానికి అయ్యే ఖర్చు లెక్కగట్టి ధర మాట్లాడు. కుళ్లు తట్టినచోట ఆగి ఉండదు. దిమ్మ కూడా అప్పుడే విప్పి బలపరిస్తే ఆ డీజిల్ ఇంజనే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. బేరం కుదిరితే ఏప్రిల్‌లోనే పనివాడికి బయానా ఇచ్చుకో, మే నెలలో ఎవరూ దొరకరు.

ఉప్పాడ బోటు:
ఫోమ్ పొడిగా ఉందంటున్నావు కాబట్టి కొనొద్దని గట్టిగా అనలేను. ఒక్కచోటే కన్నం వేస్తే నాకు నమ్మకం లేదు. ముందు గదిలో, ఇంజన్ పక్క గదిలో కూడా ముక్క తీసి చూడు. రెండూ పొడిగా ఉంటే మీ నాన్నగారితో నేనే ఫోన్‌లో మాట్లాడతాను.