ఫార్మ్‌లైన్‌లో సూపర్‌హీరో: బొమ్మ ఎందుకు బిగుసుకుపోతోంది?

ప్రశ్న
అమెరికా, కెనడాల వాయవ్య తీర ఆదివాసుల ఫార్మ్‌లైన్ శైలిని (లావు, సన్నం అవుతూ సాగే నల్లగీతతో బొమ్మ కట్టే పద్ధతి) అర్థం చేసుకోవడానికి ఒక సూపర్‌హీరోను అందులో వేస్తున్నాను. ఇదే శైలిలో సూపర్‌హీరోలను వేసిన చిత్రకారుడు జెఫ్రీ వెరెగీ బొమ్మల్లో కదలిక ఉంటుంది. నాది మామూలు కామిక్ బొమ్మకు నగిషీ అద్దినట్టుంది. నలుపు, ఎరుపే వాడాను. పొరపాటు ఎక్కడ?

జవాబు 1
రంగుల్లో కాదండీ, వరసలో. మీరు ముందు మనిషిని గీసి, తర్వాత ఖాళీలు నింపి ఉంటారు. ఫార్మ్‌లైన్‌లో ఒంటిని కట్టేదే ఆ నల్లగీత. తల నుంచి పాదం దాకా దాని మీద వేలు జరపండి, ఎక్కడా ఎత్తాల్సిన పని పడకూడదు. కన్ను, భుజం, తుంటి దగ్గర ముందు ఓవాయిడ్‌లు (మూలలు గుండ్రంగా తిరిగిన దీర్ఘచతురస్రం లాంటి ఆకారాలు) పెట్టి, వాటిని యు ఆకారాలతో కలపండి. ఎరుపు లోపలి వివరాలకు.

ఓవాయిడ్ నేరుగా చేత్తో గీస్తే గుడ్డయి కూర్చుంటుంది. కాగితం నిలువుగా మడిచి, సగం ఆకారం కత్తిరించి విప్పండి. పైన ఉబ్బు, అడుగు కాస్త లోనికి నొక్కినట్టు, మూలలు గుండ్రం. 10 సెం.మీ. వెడల్పుకు గీత మందం పైన 12 మి.మీ., పక్కల 8, అడుగున 4తో మొదలెట్టండి (సాధనకు లెక్కే, శాస్త్రం కాదు). లోపలి ఓవాయిడ్‌ను పై అంచుకు దగ్గరగా పెట్టండి. నట్టనడుమ పెడితే చూపు చచ్చిపోతుంది.

జవాబు 2
లావు గీతలు కలిసేచోట నల్లముద్ద కడుతుంది. అక్కడ ట్రైగన్ అనే మూడు కొమ్ముల ఖాళీనో, చంద్రవంకనో తొలిచి బరువు తీస్తారు. వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే మందం స్ట్రోక్ వాడితే ఇవేవీ కుదరవు. గీతను రెండు అంచులున్న నిండు ఆకారంగా గీయాలి.

తీరమంతా ఒకటే శైలి అనుకోకండి. ఫార్మ్‌లైన్ హైదా, ట్లింగిట్, సింషియన్ వంటి ఉత్తరాది తెగలది. కోస్ట్ సేలిష్ తెగల పనిలో ఆ తొలిచిన ఖాళీలదే పెత్తనం. వెరెగీ సేలిష్ వైపు పోర్ట్ గాంబుల్ స్క్లాలం తెగవారే, అయినా హీరోలకు ఫార్మ్‌లైన్ ఎంచుకున్నారు.

జవాబు 3
పాప్ కల్చర్ అంటే హీరో మొహమే కానక్కర్లేదు. హైదా చిత్రకారుడు యాగులానాస్ 2009లో తెచ్చిన ‘రెడ్’లో కామిక్ గడుల మధ్య గోడే ఫార్మ్‌లైన్. పుటలన్నీ పక్కపక్కన పరిస్తే ఒకే పెద్ద బొమ్మ తేలుతుంది. కళాకారుడు సన్నీ అసు 2006లో కోకాకోలా అక్షరాల తీరులో ‘కోస్ట్ సేలిష్ భూభాగాన్ని ఆస్వాదించండి’ అని వెలిగే బోర్డు చేశారు. దెబ్బంతా అక్షరాల్లోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. ప్రింట్లు అమ్మొచ్చా?

జవాబు 2
అమెరికాలో 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ఉంది. ఆదివాసీ కళాకారులు చేసిందని నమ్మించి అమ్మితే, మొదటి నేరానికే 2,50,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు. చట్టం సంగతి పక్కనపెట్టినా, వంశ చిహ్నాలు ఆయా కుటుంబాల సొత్తు, వాటిని ఎత్తుకోవద్దు. ఇక హీరో బొమ్మకు కంపెనీ అనుమతి వేరే తలనొప్పి.